ఛాసిస్ స్విచ్‌లో మాడ్యూల్ ఎక్కించడం, ఎక్కించాక కనిపెట్టుకుని ఉండటం

నడుస్తున్న నెట్‌వర్క్ స్విచ్ ముందు కొత్త లైన్ కార్డు (పోర్టులుండే మాడ్యూల్) పట్టుకుని నిలబడిన మొదటిసారి ఎవరికైనా టెన్షన్ ఉంటుంది. వందల మంది ట్రాఫిక్ మోస్తున్న పెట్టె అది. ఇందులో కార్డు దూరిస్తే మిగతావి ఆగిపోతాయేమో అనే భయం సహజం. పద్ధతిగా చేస్తే ఆగవు. కరెంటు తీయకుండానే కార్డులు పెట్టడానికి, తీయడానికి వీలుగా ఈ పెట్టెలను తయారుచేస్తారు.

కార్డును స్లాట్‌లోకి నెట్టి స్క్రూలు బిగించడం పది నిమిషాల పని. నేను చూసినంతలో ఇన్‌స్టాలేషన్లు చెడింది ఆ పది నిమిషాల్లో కాదు. ముందు లెక్క చూసుకోకపోవడం వల్లో, పచ్చ లైటు వెలగ్గానే అక్కడి నుంచి వెళ్లిపోవడం వల్లో చెడ్డాయి. అందుకే ఇక్కడ స్క్రూడ్రైవర్ పని కంటే దానికి ముందూ వెనకా జరగాల్సిన పనికే ఎక్కువ చోటిచ్చాను. ఉదాహరణలకు ఎక్కువగా సిస్కో కాటలిస్ట్, నెక్సస్ పరికరాలు తీసుకున్నాను. జూనిపర్, అరిస్టా వాడేవాళ్లకు కమాండ్లు మారతాయి గానీ పని వరస మారదు. కమాండ్లను చదువుకోవడానికి వీలుగా తెలుగు లిపిలోనే రాశాను.

ముందు పెట్టెను తెలుసుకోండి

ఛాసిస్ అంటే స్లాట్లున్న ఇనుప పెట్టె, దాని లోపల కార్డులన్నిటినీ కలిపే బ్యాక్‌ప్లేన్. ఇందులో ముఖ్యంగా ఐదు రకాల భాగాలు ఎక్కుతాయి. మొత్తాన్ని నడిపించేది సూపర్‌వైజర్. పోర్టులుండేది లైన్ కార్డు. ఒక లైన్ కార్డు నుంచి ఇంకో లైన్ కార్డుకు ట్రాఫిక్ దాటించేది ఫ్యాబ్రిక్ మాడ్యూల్. కొన్ని ఛాసిస్‌లలో ఇది విడిగా ఉండదు, సూపర్‌వైజర్‌లోనే ఉంటుంది. మిగిలినవి పవర్ సప్లైలు, ఫ్యాన్ ట్రేలు. పోర్టుల్లో పెట్టే ఆప్టిక్‌లను (ఫైబర్ కేబుల్ తగిలించే చిన్న భాగాలు) చాలామంది మాడ్యూళ్ల లెక్కలో వేయరు. కానీ అన్నిటికంటే తరచుగా పాడయ్యేవి అవే, కాబట్టి వాటి గురించి కూడా చెబుతాను.

ఏ కార్డు ఏ స్లాట్‌లోకి వెళ్లాలో ఛాసిస్‌ను బట్టి మారుతుంది. కాటలిస్ట్ 9404ఆర్‌లో సూపర్‌వైజర్లు 2, 3 స్లాట్లలో, 9407ఆర్‌లో 3, 4లో, 9410ఆర్‌లో 5, 6లో కూర్చుంటాయి. నెక్సస్ 9508లో లైన్ కార్డులకు 1 నుంచి 8, ఫ్యాబ్రిక్ మాడ్యూళ్లకు 21 నుంచి 26, సూపర్‌వైజర్లకు 27, 28, ఫ్యాన్లను, పవర్ సప్లైలను చూసుకునే సిస్టమ్ కంట్రోలర్లకు 29, 30 నంబర్లు. వెనక వైపున్న భాగాలకు కూడా స్లాట్ నంబర్లుంటాయని తెలియకపోతే, 24వ స్లాట్‌లో లోపం అని లాగ్‌లో కనిపించినప్పుడు ముందు వైపు నిలబడి వెతుక్కోవాల్సి వస్తుంది.

ముందురోజు చేయాల్సిన లెక్కలు

మొదటిది సాఫ్ట్‌వేర్. ప్రతి కార్డుకూ ఫలానా వెర్షన్ నుంచి మాత్రమే పనిచేస్తుందనే కనీస హద్దు ఉంటుంది. అంతకంటే పాత వెర్షన్ నడుస్తుంటే కార్డు నిక్షేపంగా ఉన్నా స్విచ్ దాన్ని గుర్తుపట్టదు. తయారీదారు రిలీజ్ నోట్స్‌లో కార్డు పార్ట్ నంబర్ వెతికి, ఏ వెర్షన్ కావాలో చూసుకోండి. స్విచ్‌కు అప్‌గ్రేడ్ కావాలంటే దాన్ని వేరే రోజున చేయండి. అప్‌గ్రేడూ కొత్త కార్డూ ఒకే రాత్రి పెట్టుకుంటే, తేడా వచ్చినప్పుడు ఏది కారణమో తేల్చలేరు.

రెండోది తరాల పొంతన. నెక్సస్ 9500 వరసలో (9508 ఇందులోదే) లైన్ కార్డులకూ ఫ్యాబ్రిక్ మాడ్యూళ్లకూ తరాలున్నాయి. పేరు చివర ఆర్ ఉన్న లైన్ కార్డుకు అదే వర్గం ఫ్యాబ్రిక్ కావాలి, వేరేది కుదరదు. రెండు సూపర్‌వైజర్లు పెడుతుంటే రెండూ ఒకే మోడల్ అయి ఉండాలి.

మూడోది కరెంటు. దీన్ని తొందరగా దాటేయకండి. స్విచ్ కార్డుకు అనుమతి ఇచ్చేటప్పుడు అది నిజంగా ఎంత తాగుతోందో చూడదు. ఆ మోడల్‌కు గరిష్ఠంగా ఎంత కేటాయించాలో అంత పక్కన పెట్టగలదా అని చూస్తుంది. పెట్టలేకపోతే కార్డును ఆన్ చేయదు, స్టేటస్‌లో పవర్ డినైడ్ అని చూపిస్తుంది. అందుకే షో పవర్ లేదా షో ఎన్విరాన్‌మెంట్ పవర్ కమాండ్‌లో వాడకం అంకె పక్కనే ఉండే కేటాయింపు అంకెను చదవండి.

ఒక లెక్క వేసి చూద్దాం. 3,000 వాట్ల సప్లైలు రెండున్నాయి. ఒకటి పోయినా రెండోది మొత్తం మోయాలన్నది మీ ఏర్పాటు. అంటే చేతిలో ఉన్నవి 6,000 వాట్లు కావు, 3,000 మాత్రమే. ఇప్పటికే 1,900 కేటాయించి ఉన్నాయి. కొత్తగా పెడుతున్నది ఫోన్లకు, కెమెరాలకు కరెంటు ఇచ్చే 48 పోర్టుల కార్డు. కార్డుకే 150 వాట్లు అనుకుందాం. 2009లో వచ్చిన 802.3ఏటీ ప్రమాణం ప్రకారం పోర్టుకు 30 వాట్ల చొప్పున 48 పోర్టులకు 1,440. మొత్తం 3,490. హద్దు దాటింది. ఇక్కడ చాలామంది చేసే పని, రెండు సప్లైలనూ కలిపి వాడే కంబైన్డ్ మోడ్‌కు మార్చేయడం. కార్డు వెంటనే వెలుగుతుంది, అందరూ సంతోషిస్తారు. కానీ ఆ క్షణం నుంచి మీకు రిడండెన్సీ, అంటే ఒకటి పోతే ఆదుకునే రెండోది, లేదు. ఒక సప్లై పోయిన రోజున స్విచ్ కొన్ని కార్డులను, పరికరాలను తనంతట తానే ఆపేస్తుంది. ఇంకో సప్లై కొనాలని పట్టుబట్టడమే ఇక్కడ సరైన పని అని నా గట్టి అభిప్రాయం.

సప్లై మీద రాసి ఉన్న వాట్లను అలాగే నమ్మకండి. 110–120 వోల్టుల లైన్ మీద చాలా పెద్ద సప్లైలు తమ పూర్తి సామర్థ్యం ఇవ్వలేవు, కొన్ని దాదాపు సగమే ఇస్తాయి. రెండు సప్లైల తీగలు ఎక్కడికి వెళ్తున్నాయో కూడా చేత్తో పట్టుకుని చివరిదాకా చూడండి. రెండూ ఒకే పవర్ స్ట్రిప్‌లో ఉంటే ఆ స్ట్రిప్ పోయిన రోజున రెండూ కలిసే పోతాయి.

నాలుగోది వేడి. తాగిన కరెంటంతా చివరికి వేడిగానే బయటికొస్తుంది: ఒక వాట్‌కు గంటకు 3.412 బీటీయూలు (వేడిని కొలిచే యూనిట్). 500 వాట్ల కార్డు పెడితే గదిలోని ఏసీ మీద గంటకు సుమారు 1,700 బీటీయూల భారం పెరిగినట్టు. గాలి ఎటు నుంచి ఎటు వెళ్తుందో కూడా చూడండి. కాటలిస్ట్ 6509లో గాలి ఒక పక్క నుంచి ఇంకో పక్కకు, నెక్సస్ 9500లో ముందు నుంచి వెనక్కి వెళ్తుంది. పక్క ర్యాక్ వదిలే వేడి గాలి మీ స్విచ్ పీల్చుకుంటుంటే ఫ్యాన్లు ఎంత తిరిగినా లాభం ఉండదు.

ఐదోది, ఇప్పటి పరిస్థితి రికార్డు. షో మాడ్యూల్, షో ఇన్వెంటరీ, షో ఎన్విరాన్‌మెంట్, షో ఇంటర్‌ఫేస్ స్టేటస్, షో రిడండెన్సీ, చివర షో లాగింగ్. వీటి అవుట్‌పుట్ అంతా తేదీతో ఒక ఫైల్‌లో దాచండి. కాన్ఫిగరేషన్ బ్యాకప్ స్విచ్ బయట ఉండాలి. పనయ్యాక ఒక పోర్టు డౌన్‌లో కనిపిస్తే అది ఇప్పుడు పోయిందా, ఆరు నెలలుగా అలాగే ఉందా అన్నది ఈ ఫైలే చెబుతుంది.

చేతుల్లోని స్థిరవిద్యుత్తు

మనిషికి చిన్న షాక్ తగిలినట్టు అనిపించాలంటే సుమారు 3,000 వోల్టులు ఉండాలి. చిప్‌లకు అంతకంటే ఎంతో తక్కువ చాలు. అంటే మీకు ఏమీ తెలియకుండానే కార్డు దెబ్బతినవచ్చు. దెబ్బతిన్న కార్డు వెంటనే చచ్చిపోతే నయం. చాలాసార్లు అది కొన్ని వారాలు బాగానే పనిచేసి, తర్వాత అప్పుడప్పుడూ ఎర్రర్లు చూపించడం మొదలుపెడుతుంది. ఆ లోపాన్ని పట్టుకోవడం చాలా కష్టం.

స్థిరవిద్యుత్తును వదిలించే చేతి పట్టీ చర్మానికి తగిలేలా కట్టుకోండి, చొక్కా మీద కాదు. రెండో చివరను ఛాసిస్ మీద దానికోసమే ఉన్న చోట గుచ్చండి. పట్టీ రెసిస్టెన్స్‌ను మీటర్‌తో అప్పుడప్పుడూ కొలవండి. 1 నుంచి 10 మెగోమ్‌ల మధ్య ఉండాలి. పాతబడి తెగిపోయిన పట్టీ కట్టుకున్నవాడికి ధైర్యం ఉంటుంది గానీ కార్డుకు రక్షణ ఉండదు.

కార్డు ఎక్కించడం

1. కన్సోల్ కేబుల్ పెట్టి, సెషన్ మొత్తం ఫైల్‌లోకి రికార్డయ్యేలా చేయండి. నెట్‌వర్క్ ద్వారా మాత్రమే లాగిన్ అయి పని మొదలుపెట్టకండి.

2. స్లాట్‌ను రెండు రకాలుగా ఖాయం చేసుకోండి: ఛాసిస్ మీద అచ్చేసిన నంబర్, షో మాడ్యూల్ అవుట్‌పుట్. గుర్తింపు లైటు సౌకర్యం ఉంటే పక్క స్లాట్ కార్డు లైటు వెలిగించుకుని చూడండి.

3. కార్డును కవర్‌లోంచి తీసి అంచుల దగ్గర, కింది లోహపు పళ్లెం దగ్గర పట్టుకోండి. సర్క్యూట్‌ను, వెనక కనెక్టర్‌ను ముట్టుకోవద్దు. కనెక్టర్‌లో వంగిన పిన్ను, చిన్న చెత్త ముక్క ఏమైనా ఉన్నాయేమో టార్చి వేసి చూడండి. స్లాట్ లోపలికి కూడా ఒకసారి చూడండి.

4. ఖాళీ స్లాట్ మీదున్న బ్లాంక్ ప్లేట్ విప్పండి, పారేయకండి.

5. రెండు ఎజెక్టర్ లివర్లను పూర్తిగా తెరిచి, కార్డు రెండు అంచులూ గైడ్ పట్టాల మీదకు వచ్చాయని కళ్లతో చూసుకుని, నెమ్మదిగా, తిన్నగా లోపలికి తోయండి. అడ్డంగా ఉండే స్లాట్‌లో బరువు ముందుకు వాలకుండా కింద చేయి పెట్టండి.

6. లివర్లు ఛాసిస్ అంచును తాకాక రెండిటినీ ఒకేసారి మూయండి. ఒకటి ముందు, ఒకటి తర్వాత మూస్తే కనెక్టర్ వంకరగా కూర్చుంటుంది.

7. పక్కలనున్న స్క్రూలు బిగించండి. అవి అందానికి పెట్టినవి కావు. కార్డు భూమి (ఎర్త్) కనెక్షన్, కనెక్టర్ పట్టు వాటి మీదే ఆధారపడతాయి.

ఆరో అడుగు వెనక కథ తెలిస్తే చేయి సరిగ్గా పడుతుంది. బ్యాక్‌ప్లేన్ పిన్నులన్నీ ఒకే పొడవులో ఉండవు. పొడవైనవి ముందు తగిలి భూమి, కరెంటు కలుపుతాయి. పొట్టివి చివర తగిలి కార్డు వచ్చేసిందని స్విచ్‌కు చెబుతాయి. బయటికి లాగేటప్పుడు ఇది తిరగబడుతుంది. కాటలిస్ట్ 6500 లాంటి పాత బస్ తరహా (కార్డులన్నీ ఒకే దారిని పంచుకునే) ఛాసిస్‌లో కార్డు మధ్యలో ఆగితే బస్ కూడా ఆ కాసేపు ఆగి, మిగతా కార్డుల ట్రాఫిక్‌కు దెబ్బ తగిలేది. కొత్త డిజైన్లలో ఆ భయం తగ్గింది గానీ పద్ధతి అదే: విసరకూడదు, మధ్యలో ఆగకూడదు, ఒకే ఊపులో కూర్చోబెట్టాలి.

కార్డు అడ్డుపడితే బలం వాడకండి. పని నేర్చుకుంటున్న రోజుల్లో నేను వాడాను. చివరి సెంటీమీటర్ దగ్గర బిగుసుకుంటే భుజంతో నెట్టాను. లోపల ఒక పిన్ను వంగింది. కార్డు మారిస్తే సరిపోయే నష్టం కాదది. పిన్ను ఉన్నది బ్యాక్‌ప్లేన్ మీద, అంటే ఛాసిస్‌లో. ఆ స్లాట్ మళ్లీ పనికి రాలేదు. అప్పటి నుంచి ఏమాత్రం అడ్డు తగిలినా కార్డు పూర్తిగా బయటికి తీసి, టార్చి వేసి చూసి, మళ్లీ మొదటి నుంచి పెడతాను.

ఒకసారికి ఒకే కార్డు. అది బూట్ అయి స్థిరపడ్డాకే రెండోది ముట్టుకోండి. బూట్‌కు కొన్ని నిమిషాలు పడుతుంది. ఆ సమయంలో లైటు నారింజ రంగులో ఉండటం మామూలే. తొందరపడి మళ్లీ లాగి పెట్టకండి.

తీసేటప్పుడు

పెట్టడం కంటే తీయడంలోనే జాగ్రత్త ఎక్కువ కావాలి. లైన్ కార్డునైతే ముందు కమాండ్‌తో ఆపండి: నెక్సస్‌లో పవర్‌ఆఫ్ మాడ్యూల్ 3, కాటలిస్ట్ 6500లో నో పవర్ ఎనేబుల్ మాడ్యూల్ 3. లైటు మారిందని చూశాకే లివర్ పట్టుకోండి. ఈ అలవాటుతో ఇంకో మేలుంది. తప్పు స్లాట్ నంబర్ కొట్టారనుకోండి, అది లైటు చూడగానే తెలిసిపోతుంది, ఒక్క కమాండ్‌తో మళ్లీ ఆన్ చేయవచ్చు. ఎలాగైనా బూట్ అయ్యేదాకా ఎదురుచూడాలి గానీ, తప్పు కార్డును చేత్తో లాగేస్తే దాన్ని మళ్లీ కూర్చోబెట్టాల్సి కూడా వస్తుంది.

సూపర్‌వైజర్ మార్చాలంటే, రెండోది నిజంగా సిద్ధంగా ఉందో లేదో ముందు చూడండి. కాటలిస్ట్‌లో స్టాండ్‌బై హాట్ అని, నెక్సస్‌లో హెచ్‌ఏ స్టాండ్‌బై అని కనిపించాలి. లైటు పచ్చగా ఉంటే చాలదు. నడుపుతున్నదాన్నే తీయాల్సి ఉంటే కమాండ్‌తో బాధ్యత రెండోదానికి అప్పగించి, అది నిలదొక్కుకున్నాక తీయండి.

ఫ్యాన్ ట్రే తీసేముందు కొత్తది పెట్టెలోంచి తీసి చేతికందేలా ఉంచుకోండి. నెక్సస్ 9500లో ఫ్యాబ్రిక్ మాడ్యూళ్లు ఫ్యాన్ ట్రేల వెనక దాగి ఉంటాయి. ఫ్యాబ్రిక్ మార్చాలంటే ముందు ట్రే తీయక తప్పదు. తీయగానే మిగిలిన ట్రేల వేగం పెరిగి పెద్ద శబ్దం వస్తుంది, కంగారు పడకండి. రెండు ట్రేలు మాత్రం ఒకేసారి తీయకూడదు. స్విచ్ తనను తాను కాపాడుకోవడానికి కొద్ది నిమిషాల్లోనే ఆగిపోతుంది.

వేరే మోడల్ కార్డు పెడుతుంటే పాత స్లాట్ కాన్ఫిగరేషన్ సంగతి కూడా తేల్చాలి. కార్డు తీసినా దాని పోర్టుల సెట్టింగులు చాలా స్విచ్‌లలో అలాగే మిగిలి ఉంటాయి. నెక్సస్‌లో పర్జ్ మాడ్యూల్ కమాండ్‌తో తుడవాలి. తుడిచేముందు బ్యాకప్ ఉందో లేదో మళ్లీ చూసుకోండి.

పచ్చ లైటు తర్వాత

షో మాడ్యూల్‌లో ఓకే అని వస్తే కార్డు బూట్ అయిందని మాత్రమే అర్థం. ఇంకా మూడు చూడాలి. షో ఇన్వెంటరీలో వచ్చిన సీరియల్ నంబర్ మీ చేతిలో ఉన్న పెట్టె మీది నంబరేనా? షో డయాగ్నస్టిక్ రిజల్ట్‌లో అన్ని పరీక్షలూ పాస్ అయ్యాయా? బూట్ పరీక్షలను ఎవరైనా బైపాస్‌లో పెట్టి ఉంటే కార్డు ఏ పరీక్షా లేకుండానే ఓకే అని చూపిస్తుంది, అందుకని డయాగ్నస్టిక్ స్థాయి కంప్లీట్‌లో ఉండేలా చూడండి. మూడోది, ముందురోజు దాచిన ఫైల్‌తో ఇప్పటి అవుట్‌పుట్‌ను వరస వరసగా పోల్చండి. కొత్త కార్డు వల్ల పక్క కార్డు ఉష్ణోగ్రత పెరిగిందా, ఫ్యాన్ వేగం మారిందా అన్నవి అక్కడే బయటపడతాయి.

ఆప్టిక్‌లు పెట్టేటప్పుడు కేబుల్ చివరను శుభ్రం చేయకుండా గుచ్చకండి. ఫైబర్ చివరలోకి కంటితో చూడకండి. 1310, 1550 నానోమీటర్ల కాంతి కంటికి కనబడదు గానీ కంటిని కాల్చగలదు. లింక్ వచ్చాక షో ఇంటర్‌ఫేస్ ట్రాన్స్‌సీవర్ డీటెయిల్స్ చూసి, అందుతున్న కాంతి ఎంతో రాసుకోండి. 0 డీబీఎం అంటే 1 మిల్లీవాట్. ప్రతి 3 తగ్గుదలకూ కాంతి సగమవుతుంది. 10 గిగాబిట్ ఎల్‌ఆర్ (ఎక్కువ దూరం) ఆప్టిక్‌కు మైనస్ 14.4, ఎస్‌ఆర్ (తక్కువ దూరం) ఆప్టిక్‌కు మైనస్ 9.9 దాకా అందితే చాలు. కానీ ఎల్‌ఆర్ లింక్ మైనస్ 13 దగ్గర ఉంటే నాకు నిద్ర పట్టదు. కనెక్టర్ మీద కాస్త దుమ్ము చేరినా అది పడిపోతుంది. ఎక్కువ కాంతి కూడా ప్రమాదమే. 80 కిలోమీటర్ల జడ్‌ఆర్ ఆప్టిక్‌లు ప్లస్ 4 దాకా పంపుతాయి, తీసుకునే వైపు మైనస్ 7 మించకూడదు. పక్క ర్యాక్‌కు చిన్న తీగతో కలిపి పరీక్షిస్తే మధ్యలో కాంతిని తగ్గించే అటెన్యుయేటర్ తప్పనిసరి.

కనిపెట్టుకుని ఉండటం

రోజూ లాగిన్ అయి చూసే ఓపిక ఎవరికీ ఎక్కువ కాలం ఉండదు. యంత్రానికి అప్పగించాలి. పరికరాల స్థితిని నెట్‌వర్క్ మీద అడిగి తెలుసుకునే ఎస్‌ఎన్‌ఎంపీ వాడుతుంటే వెర్షన్ 3 పెట్టుకోండి. అది చదివే సమాచార పట్టికలను మిబ్‌లు అంటారు. ఛాసిస్‌లో ఏ భాగం ఎక్కడుందో చెప్పే పట్టిక ఎంటిటీ మిబ్, ప్రస్తుతం ఆర్‌ఎఫ్‌సీ (ఇంటర్నెట్ ప్రమాణ పత్రం) 6933. ఉష్ణోగ్రత, వోల్టేజీ, ఫ్యాన్ వేగం చెప్పేది ఎంటిటీ సెన్సర్ మిబ్, ఆర్‌ఎఫ్‌సీ 3433. సిస్కోలో మాడ్యూల్ స్థితికి ఎఫ్‌ఆర్‌యూ కంట్రోల్ మిబ్ విడిగా ఉంది. అందులో 2 అంటే ఓకే, 4 అంటే నడుస్తోంది గానీ పరీక్ష ఫెయిలైంది, 7 అంటే పాడైంది, 17 అంటే కరెంటు దొరకలేదు. 2 కానిది ఏదొచ్చినా అలర్ట్ రావాలి. ముఖ్యంగా 4 రావాలి. ట్రాఫిక్ నడుస్తూనే ఉంటుంది కాబట్టి దాన్ని ఎవరూ గమనించరు.

ఇక్కడ రెండు గుంటలున్నాయి. సెన్సర్ విలువను అలాగే చదవకూడదు. దానితో వచ్చే స్కేల్, ప్రెసిషన్ కూడా కలపాలి. 305 అన్నది 30.5 డిగ్రీలు కావచ్చు. రెండోది, స్విచ్ రీలోడ్ అయినా కార్డు మారినా భాగాల ఇండెక్స్ నంబర్లు మారిపోవచ్చు. ఇండెక్స్ మీద గ్రాఫ్ కట్టుకుంటే, ఒక రోజు మీ సూపర్‌వైజర్ గ్రాఫ్‌లో ఫ్యాన్ ట్రే అంకెలు కనిపిస్తాయి. భాగం పేరు, సీరియల్ నంబర్ మీద కట్టుకోండి.

ఉష్ణోగ్రతకు తయారీదారు పెట్టిన మైనర్, మేజర్ హద్దులుంటాయి. వాటి కోసం ఎదురుచూడకండి, అప్పటికే ఆలస్యమవుతుంది. గదిలో లోపలికి పీల్చే గాలి 18 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండాలన్నది ఆష్రే (ఏసీ ఇంజనీర్ల సంఘం) సిఫారసు. అది మారకుండా ఒక కార్డు మాత్రమే తన మామూలు స్థాయి కంటే ఏడెనిమిది డిగ్రీలు పెరిగిందంటే హద్దు దాటకపోయినా వెళ్లి చూడాల్సిందే. చాలాసార్లు కారణం చిన్నది: ఎవరో బ్లాంక్ ప్లేట్ పెట్టడం మరిచిపోయారు, గాలి ఖాళీ స్లాట్ నుంచి అడ్డదారి పట్టింది. ఫిల్టర్ ఉన్న ఛాసిస్ అయితే దాని దుమ్ము కూడా చూడండి.

లాగ్‌లను స్విచ్‌లోనే వదిలేయకండి. కార్డు పోయి స్విచ్ రీలోడ్ అయితే కారణం కూడా దానితోనే చెరిగిపోవచ్చు. విడి సర్వర్‌కు పంపండి. సిస్‌లాగ్ (ఇలా పంపే లాగ్ సందేశాలు) తీవ్రత 0 నుంచి 7 దాకా ఉంటుంది, 0 అన్నిటికంటే తీవ్రం. 0 నుంచి 3 వాటికి అలర్ట్ పెట్టి, మిగతావి దాచుకోండి. కార్డు పెట్టారు, తీశారు అనే సందేశాలు తక్కువ తీవ్రతతో వచ్చినా వాటికి ప్రత్యేకంగా అలర్ట్ ఉండాలి. ఎవరూ ముట్టుకోని వేళ కార్డు తీసినట్టు సందేశం వస్తే కనెక్టర్ వదులైందని అనుమానించాలి.

మొదటి రోజు గంటకోసారి, తర్వాత వారం పాటు రోజుకోసారి కొత్త కార్డు పోర్టుల సీఆర్‌సీ ఎర్రర్లు (దారిలో పాడై వచ్చిన డేటా లెక్క) చూడండి. ఒక్క పోర్టులోనే పెరుగుతుంటే కేబుల్, ఆప్టిక్ మార్చండి. పక్కపక్క పోర్టుల గుంపులో పెరుగుతుంటే కార్డులోని చిప్‌ను అనుమానించండి. మెమరీ పారిటీ ఎర్రర్ ఒకసారి వస్తే భయపడనక్కర్లేదు, కాస్మిక్ కిరణాల వల్ల కూడా ఒక బిట్ తిరగబడుతుంది. తేదీ రాసుకుని వదిలేయండి. అదే కార్డులో మళ్లీ వస్తే మార్చేయండి.

లోపం కార్డుదా, స్లాట్‌దా

కార్డు వెలగకపోతే ముందు కరెంటు కేటాయింపు, తర్వాత సాఫ్ట్‌వేర్ వెర్షన్ చూడండి. రెండూ బాగుంటే కార్డును తీసి, కనెక్టర్ చూసి, ఒక్కసారి మళ్లీ కూర్చోబెట్టండి. అప్పటికీ రాకపోతే మెయింటెనెన్స్ సమయం తీసుకుని ఆ కార్డును పనిచేసే స్లాట్‌లో పెట్టి చూడండి. లోపం కార్డు వెంట వెళ్తే కార్డుది, స్లాట్ దగ్గరే ఉండిపోతే ఛాసిస్‌ది. మంచి కార్డును అనుమానపు స్లాట్‌లో పెట్టేముందు మాత్రం టార్చి వేసి పిన్నులు చూడండి, లేకపోతే రెండో కార్డు కూడా పోతుంది.

వెనక్కి పంపే కార్డుకు కనెక్టర్ మూత పెట్టి, స్థిరవిద్యుత్తు నుంచి కాపాడే కవర్‌లో ఉంచి, కన్సోల్ రికార్డు, డయాగ్నస్టిక్ ఫలితాలు జత చేయండి. దాని సీరియల్ నంబర్‌ను ఇన్వెంటరీ నుంచి, సపోర్ట్ కాంట్రాక్ట్ నుంచి తీసేసి కొత్తది రాయండి. ఖాళీగా మిగిలిన స్లాట్‌కు, దాచిపెట్టిన బ్లాంక్ ప్లేట్‌ను ఆ రాత్రే బిగించండి.